మణెమ్మ తడుముకున్న షాట్

ఒక పిల్ల చూపు పోయింది. అందులో నా చెయ్యి ఉంది. ఈ రెండు ముక్కలు కాగితం మీద పెట్టడానికి నాకు పదేళ్ళు పట్టింది. రాయబోయినప్పుడల్లా "పరిస్థితులు", "దురదృష్టం" లాంటి మాటలు పెద్దమనుషుల్లా వచ్చి ముందు కూర్చునేవి. ఈసారి వాటిని గుమ్మం బయటే నిలబెట్టాను. నా పేరు మాత్రం అడక్కండి. ధైర్యం అంతవరకే వచ్చింది.

ఎనభైల చివర. సినిమావాళ్ళు మద్రాసు నుంచి ఒక్కొక్కరుగా ఫిల్మ్ నగర్‌కి దిగుతున్న రోజులు. నేను కృష్ణా జిల్లా నుంచి వచ్చి, యూసుఫ్‌గూడలో గది అద్దెకి తీసుకుని, అసిస్టెంట్ డైరెక్టర్‌గా చేస్తున్నాను. నా పని కంటిన్యుటీ. ఇవాళ తీసిన షాట్‌లో హీరోయిన్ చేతికి ఎన్ని గాజులున్నాయో, నెల తర్వాత తీసే షాట్‌లోనూ అన్నే ఉండాలి. జడలో పువ్వు, చొక్కా గుండీ, అన్నీ నోటుబుక్కులో రాసుకోవాలి. తప్పు జరిగితే యూనిట్ అంతటి ముందూ చీవాట్లే. నేను తప్పు చేసేవాణ్ణి కాదు. "వీడి కళ్ళు గప్పడం బ్రహ్మతరం కాదు" అనేవారు మా డైరెక్టరుగారు. ఆ మెప్పు కోసం ఆయన ఏం చెయ్యమన్నా చేసేవాణ్ణి.

రహమత్ నగర్‌లో చిన్నపిల్లలకి తిండి పెట్టే సెంటర్ ఒకటి ఉండేది. పొద్దున్న పాలు, మధ్యాహ్నం పప్పన్నం, గుడ్డు, కళ్ళు చెడకుండా నోట్లో పోసే విటమిన్ చుక్కలు. నడిపేది ఒక డాక్టరమ్మ. డబ్బు విదేశాల నుంచి వచ్చేది. అక్కడెక్కడో స్కూలు పిల్లలూ, చర్చీలకి వెళ్ళే ముసలమ్మలూ తలా కాస్త వేసి పంపే డబ్బు. ఆ ఏడాదితో గడువు అయిపోతోంది. మళ్ళీ ఇస్తారో ఇవ్వరో తెలీదు. "మా రిపోర్టులు వాళ్ళు బీరువాలో పెట్టేస్తారండీ. బొమ్మ చూస్తేనే చెయ్యి జేబులోకి వెళ్తుంది" అని ఆవిడ మా డైరెక్టరుగారిని బతిమాలింది. ఆవిడ డైరెక్టరుగారి అబ్బాయికి వైద్యం చేసిన మనిషి. ఆయన కాదనలేకపోయారు. పుణ్యానికి పుణ్యం, పేరుకి పేరు అన్నారు.

సెంటర్ కోసం తీసే సినిమా, కథ చిన్నది. ఆకలితో ఉన్న పిల్ల. తల్లి ఆ పిల్లని ఎత్తుకుని మొదటిసారి సెంటర్ గుమ్మం ఎక్కుతుంది. తర్వాత బొద్దుగా, నవ్వుతూ అదే పిల్ల.

పిల్లని వెతికింది నేనే. జూబ్లీహిల్స్‌లో అప్పుడు ఎక్కడ చూసినా బండలు పగలగొట్టి బంగళాలు కడుతున్నారు. పాలమూరు నుంచి వచ్చి ఆ రాళ్ళు కొట్టే బాలమ్మ కూతురు, మూడేళ్ళ మణెమ్మ. చూడగానే "కరెక్టుగా సరిపోయింది" అన్నాను. పిల్లని చూసి అనే మాటేనా అది? అప్పుడేం అనిపించలేదు. నోటుబుక్కులో రాసుకున్నాను: నీలం గౌను, ఎడమ భుజం దగ్గర చిరుగు. మెళ్ళో నల్లదారం. బుగ్గలు లోతు.

గాజులు రాసినట్టే బుగ్గలూ రాశాను.

రెండు రోజులు తీశాం. పిల్ల చిక్కి ఉన్నప్పటి షాట్లు ఇంకా రెండు మిగిలాయి. ఈలోగా మా పెద్ద సినిమాకి హీరోగారి డేట్లు దొరికాయి, కెమెరా అటు వెళ్ళిపోయింది. పది రోజుల్లో వచ్చేస్తాం అనుకున్నాం. సినిమావాళ్ళ పది రోజులు ఎంతో మీకు తెలియంది కాదు. దాదాపు రెండు నెలలు పట్టింది.

కెమెరా వెళ్ళిన మర్నాడే బాలమ్మ వచ్చింది. ఆ మాటలు ఒక్క అక్షరం మర్చిపోలేదు.

"సారూ, గా సెంటర్ల పిల్లలకు పాలు పోస్తున్నరంట. మణెమ్మను తీస్కపోవాల్నా?"

"ఇప్పుడే వద్దమ్మా. షూటింగ్ అయ్యాక."

"గప్పటిదాంక ఎందుకు సారూ? మా పక్కింటోళ్ళ పోరి పోతనే ఉన్నది గద."

"నీ పిల్ల పేరు మేం విడిగా రాయించాం. ముందే తీసుకెళ్తే కొట్టేస్తారు."

"అయ్యో, వద్దు సారూ, కొట్టియ్యకుండ్రి! ఎన్నడు తెమ్మంటే అన్నడే తెస్త."

ఏ పేరూ ఎక్కడా రాయించలేదు. నోటికొచ్చిన అబద్ధం. ఎందుకు చెప్పాను? పిల్ల నాలుగు రోజులు పాలు తాగితే బుగ్గలు వచ్చేస్తాయి. షాట్ కలవదు. ఇంకేదైనా పెద్ద కారణం ఉందేమోనని ఇన్నేళ్ళుగా తవ్వుకుంటున్నాను, నన్నెవరో బెదిరించారనో, నాకు లోకజ్ఞానం లేదనో. లేదు. షాట్ కలవదని, అంతే. ఛీ.

వారం వారం వచ్చి అడిగి వెళ్ళేది. ఐదో వారంలో అనుకుంటా, పొద్దుగూకితే చాలు పోరి గోడలకి తగులుతోంది, అన్నం గిన్నె కూడా దొరకబుచ్చుకోలేకపోతోంది అని చెప్పింది. అదేమిటో నాకు తెలుసు. తెలియదని చాలామంది దగ్గర అన్నాను, ఇప్పుడు మీ దగ్గర అనలేను. ఆ చిన్న సినిమాకి డాక్టరమ్మ రాసిచ్చిన వ్యాఖ్యానానికి ఫెయిర్ కాపీ రాసింది నేనే. "సాయంత్రం కాగానే బిడ్డ తడుముకుంటుంటే ఒక్కరోజు కూడా ఆగకండి." నా చేతిరాతే. గుండ్రంగా, ముత్యాల్లా. ఆ కాగితం నా సంచీలో ఉండగానే బాలమ్మతో ఇంకో పది రోజులు ఆగమన్నాను.

కెమెరా వచ్చింది. గుడిసె ముందు, సూర్యుడు దిగుతున్నాడు. పిల్లకి ఎదురుగా అన్నం గిన్నె పెట్టి తీసుకోమనాలి. గిన్నె చప్పుడు విని మణెమ్మ అటు తిరిగింది. చెయ్యి చాపింది. గిన్నెకి జానెడు ఇవతల నేలని తడిమింది. మళ్ళీ తడిమింది. వేళ్ళకి మట్టి అంటింది. డైరెక్టరుగారు కట్ చెప్పడం మర్చిపోయారు. తర్వాత లేచి, "అబ్బ! ఎవడ్రా దీనికి నేర్పింది?" అన్నారు.

"నేనేనండీ" అన్నాను.

ఆయన నా భుజం తట్టారు. నోటుబుక్కులో రాశాను: గిన్నె కోసం తడుముతుంది. ఓకే. రీటేక్ అక్కర్లేదు.

మర్నాడు గుమ్మం షాట్ అయిపోగానే డాక్టరమ్మ పిల్ల కనురెప్ప ఎత్తి చూసింది. ఆవిడ మొహం మారిపోయింది. నెల ముందు తెచ్చుంటే చుక్కల మందుతో నయమయ్యేది కదా, ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావని బాలమ్మని నానా మాటలూ అంది. బాలమ్మ ఒక్కసారి నావైపు చూసింది. తల దించుకుంది. తెల్వదమ్మా అంది. నోరు విప్పితే పిల్ల పేరు కొట్టేస్తారని భయపడింది కాబోలు. నేను చెప్పిన అబద్ధమే ఆ తల్లి నోరు కుట్టేసింది. నేను నోటుబుక్కులోకి చూస్తూ నిలబడ్డాను.

ఆసుపత్రికి తీసుకెళ్ళారు. ఒక కన్ను తెల్లబడిపోయింది. రెండోదానికి వెలుగూ నీడా తప్ప ఏమీ మిగల్లేదు. బొద్దుగా నవ్వే ఆఖరి షాట్‌కి సెంటర్‌లో ఇంకో పిల్లకి నీలం గౌను తొడిగాం. భుజం చిరుగు కుట్టించి, మెళ్ళో నల్లదారం కట్టింది నేనే. ఎవరూ పోల్చుకోలేదు.

ఆ గిన్నె షాట్ చూసి విదేశాల్లో హాలు హాలంతా ఏడ్చిందట. డబ్బు వచ్చింది. అంతటితో ఆగలేదు, మరో రెండు బస్తీల్లో సెంటర్లు వెలిశాయి. అదే నా తక్కెడ. ఒకవైపు మణెమ్మ కళ్ళు, రెండోవైపు అన్నం తింటున్న అంతమంది పిల్లలు. చాలాకాలం నిద్ర పట్టడానికి అదే మందు. కానీ ఆ పిల్లలకి అన్నం పెట్టడానికి మణెమ్మ కళ్ళు పోవాలని ఎవరన్నారు? నెల ముందు తీసుంటే, ఇంకో పిల్లతో తీసుంటే డబ్బు రాకపోయేదా? ఏమో. వచ్చేదే.

కిందటేడు సెంటర్‌కి కొత్త భవనం కట్టి నన్ను పిలిచారు. ఇప్పుడు నాకూ ఫిల్మ్ నగర్‌లో ఆఫీసూ, గుమ్మానికి పేరూ ఉన్నాయి లెండి. హాల్లో గోడకి నల్లరాయి. దాని మీద దాతల పేర్లు, విదేశీ సంస్థ పేరు, ఊళ్ళోని షావుకార్ల పేర్లు. చివర్లో, సినిమాకి ఉచితంగా పనిచేశానని, నా పేరు కూడా. మొదట్నుంచి చివరిదాకా రెండుసార్లు చదివాను. మణెమ్మ పేరు లేదు. ఆ సెంటర్‌కి ఆ పిల్ల ఇచ్చినంత ఎవరిచ్చారు? అదీ తనకి తెలియకుండా, నేను గుంజుకుంటే.

బాలమ్మ అక్కడే వంట చేస్తోంది. నన్ను చూసి పరుగున వచ్చింది. గీ సారే నా బిడ్డ పేరు రాయించిండు అని అందరికీ చూపించింది. కండ్లంటరా, దేవుడు గట్ల రాసిండు అంది. వెటకారమేమోనని మొహంలోకి చూశాను. కాదు. ఆ క్షణంలో చెప్పాల్సింది.

పక్కన మణెమ్మ, పన్నెండేళ్ళది, తల్లి కొంగు పట్టుకుని నిలబడింది. కాసేపటి ముందే హాల్లో మా చిన్న సినిమా వేసి చూపించారు. నా గొంతు వచ్చిన వైపు మొహం తిప్పింది.

"సారూ, గిన్నెకాడ నేను మంచిగ యాక్టింగ్ చేసిన్నా? అందరు ఏడుస్తున్నరంట గద."

చాలా బాగా చేశావమ్మా అన్నాను. పిల్ల మొహం విచ్చుకుంది.

అక్కణ్ణుంచి ఎలా బయటపడ్డానో తెలీదు. బాలమ్మకి చెప్పనివి మీకు చెబుతున్నాను, ఇదీ ఒక రకం పిరికితనమే. అయినా రాస్తుంటే గుండె మీద బరువు కాస్త జరిగింది. జరిగినందుకు సిగ్గుగానూ ఉంది. క్షమించమని అడగను, క్షమించాల్సినవాళ్ళు మీరు కాదు.

ఆ సాయంత్రం మణెమ్మ యాక్టింగ్ చెయ్యలేదు. గిన్నె కనపడక తడుముకుంది. ఆ గుడిసె ముందు నిలబడ్డ మా యూనిట్‌వాళ్ళలో ఆ సంగతి తెలిసీ నోరు మూసుకున్నవాణ్ణి నేనొక్కణ్ణే.