తెలిసే తిన్నానని చెప్పాను

బేబీమూన్ అనే మాట నేను మొదటిసారి విన్నది మా అల్లుడి నోట. పురుడు రాకముందే మొగుడూ పెళ్ళాం ఇద్దరే ఎక్కడికైనా వెళ్ళి నాలుగు రోజులు గడిపి రావడమట. బాగానే ఉంది, వెళ్ళి రండి అన్నాను. "మీరు కూడా వస్తున్నారు అత్తయ్యగారూ, మీకూ కలిపే బుక్ చేశాం" అన్నాడు. ఇద్దరే వెళ్ళాల్సిన చోటికి అత్తగారిని వెంటబెట్టుకెళ్ళే అల్లుడు లోకంలో ఎక్కడైనా ఉంటాడా? ఉన్నాడంటే ఏదో మతలబు ఉండాలి.

ఆ మతలబు ఏమిటో నేను ఇట్టే పసిగట్టాను. నన్ను ఇంట్లో స్టవ్‌తో ఒంటరిగా వదిలి వెళ్ళడం వాళ్ళకి ఇష్టం లేదు.

మీ దగ్గర దాచడమెందుకు, నాకు వాసన తెలియదు. రెండేళ్ళ కిందట విజయవాడలో ఓ జ్వరం వచ్చింది. అందరికీ వచ్చిందే. అందరికీ పోయినట్టే నాకూ వాసన పోయింది. వాళ్ళకి తిరిగొచ్చింది, నాకు రాలేదు. ఉప్పు, పులుపు, తీపి, కారం నాలుకకి బాగానే తెలుస్తాయి. వాసన మాత్రం సున్నా. ఇంగువ డబ్బా మూత తీసి ముక్కుకి ఆనించుకున్నా సుద్దపొడి చూసినట్టే ఉంటుంది. మావారు పోయి ఆరేళ్ళు, ఇంట్లో నేనొక్కదాన్నే, కాబట్టి ఎవరికీ తెలియలేదు. నేనూ చెప్పలేదు.

అలాగని వంట మానలేదు. ఆవాలు చిటపటమనడం చెవికి తెలుస్తుంది, మెంతులు ఎర్రబడటం కంటికి తెలుస్తుంది. ఇక రుచి అంటారా, మా ఇంట్లో వండుతూ రుచి చూసే ఆచారమే లేదు. దేవుడికి చూపించకముందు గరిటె నోటికి తగిలిందంటే గిన్నె మొత్తం ఎంగిలే. మా అమ్మ చూడలేదు, మా అత్తగారు చూడలేదు, నలభై ఏళ్ళుగా నేనూ చూడలేదు. పులుసు మరిగే వాసన బట్టి ఉప్పు చాలిందో లేదో చెప్పేసేవాళ్ళం. ఇప్పుడు చేతి కొలత మీద బండి లాగిస్తున్నాను. గరిటె నోట పెట్టని మనిషికి ముక్కు పని చేస్తోందో లేదో ఎవరు కనిపెడతారు?

అమెరికాలో శాన్ రామన్‌లో ఉన్న మా అమ్మాయికి ఆరో నెల. తొలికాన్పు పుట్టింటివాళ్ళ వంతు. అది ఇక్కడ ఉద్యోగం వదిలి రాలేదు కాబట్టి పుట్టింటినే విమానం ఎక్కించి రప్పించుకుంది. బాలింత పథ్యం, కాయం ఉండలు, వెల్లుల్లి కారం, అన్నీ నా చేతి మీదుగా జరగాలని వచ్చాను. అవతల హైదరాబాదులో మా వియ్యపురాలు పెట్టె సర్దుకుని సిద్ధంగా కూర్చుంది. ప్రతి ఆదివారం వీడియో కాల్‌లో "మీకేమైనా కష్టంగా ఉంటే చెప్పండి వదినగారూ, నేను రానూ?" అని తియ్యగా అడుగుతుంది. నాకు వాసన తెలియదని పొక్కితే చాలు, మర్నాడే వచ్చి వాలుతుంది. నా కూతురి పురిట్లో వంటిల్లు ఆవిడది, సోఫా నాది. అది నేను చస్తే ఒప్పుకోను.

వచ్చిన మూడో వారంలో చిక్కుడుకాయ కూర మాడింది. నేను హాల్లో బట్టలు మడతపెడుతున్నాను. స్మోక్ అలారం గోల పెట్టేదాకా నాకేమీ తెలియలేదు. మేడ మీద మీటింగ్‌లో ఉన్న అమ్మాయి ఆ పొట్టతో గబగబా దిగి వచ్చింది. "అమ్మా, వాసన రాలేదా నీకు? పైదాకా వచ్చేసింది కదా!" అంది. ఫోన్‌లో ఉన్నానే, గమనించలేదు అన్నాను. ఫోనేమో వంటింటి గట్టు మీద ఛార్జింగ్‌లో ఉంది. అమ్మాయి అటు ఓసారి చూసింది.

ఆ మర్నాటి నుంచి అల్లుడు ఆఫీస్‌కి వెళ్ళడం మానేశాడు. వర్క్ ఫ్రమ్ హోమ్ అట. నేను వంటింట్లో ఉన్నంతసేపూ నీళ్ళ బాటిల్ నింపుకునే వంకతో గంటకి మూడుసార్లు వస్తాడు. మనిషన్నవాడు అన్ని నీళ్ళు తాగుతాడా?

అందుకే బేబీమూన్‌కని సముద్రం ఒడ్డున ఓ చిన్న ఊళ్ళో దిగిన రోజు, "రేపు పొద్దున్న నీకో సర్‌ప్రైజ్ అమ్మా, థాయ్ కుకింగ్ క్లాస్ బుక్ చేశాను" అని అమ్మాయి అన్నప్పుడు నా గుండెల్లో రాయి పడింది. "వెజిటేరియన్ ఉందా అని రెండుసార్లు కాల్ చేసి కనుక్కున్నా. నీకు విడిగా అన్నీ పెడతారు" అంది. నలభై ఏళ్ళు వండిన దాన్ని సెలవుకని తీసుకొచ్చి వంట నేర్పిస్తారా? ఇది క్లాసూ కాదు, పాడూ కాదు. నాకు పెట్టిన పరీక్ష. ఇద్దరూ పక్కన నిలబడి నా ముక్కు సంగతి తేల్చుకుందామని ఎత్తు వేశారు. రానంటే అనుమానం ఖాయమవుతుంది. అందుకని ఓ మంచి నేత చీర కట్టుకుని మరీ బయల్దేరాను.

క్లాస్ చెప్పేది థాయ్ ఆవిడ, నా ఈడుదే. తన ఇంటి వెనక పెద్ద వంటిల్లు వేసి నేర్పుతోంది. మాతోపాటు అమెరికన్ దంపతులు ఉన్నారు, రిటైరైన వాళ్ళు. మా ముగ్గురికీ ఒక బల్ల, వాళ్ళకి ఒక బల్ల. ఆవిడ ఎప్పుడూ నవ్వుతూనే ఉంది. ఊరికే అంతలా నవ్వేవాళ్ళని చూస్తే నాకు నమ్మకం కుదరదు.

మొట్టమొదట ఆవిడ చేసిన పనేమిటో తెలుసా? నిమ్మగడ్డి విరిచి, ఏదో నిమ్మజాతి ఆకు నలిపి, పళ్ళెంలో పెట్టి అందరి ముక్కుల కిందా తిప్పింది. చూశారా, మొదలెట్టేశారు అనుకున్నాను. అమెరికన్ దంపతులు కళ్ళు మూసుకుని ఆహా అన్నారు. అమ్మాయి అంది, అల్లుడు అన్నాడు. నా వంతు వచ్చేసరికి నేనూ కళ్ళు మూసుకుని ఆహా అన్నాను, అల్లుడి కంటే కాస్త గట్టిగానే. కళ్ళు తెరిచేసరికి అమ్మాయి నా మొహంలోకే చూస్తోంది.

తరవాత రాతి రోట్లో పచ్చిమిరపకాయలు, అల్లంలాంటి ఓ దుంప, నిమ్మగడ్డి వేసి ముద్ద నూరమన్నారు. అమెరికన్ ఆయన రెండు పోట్లు వేసి చెయ్యి విదిలించుకున్నాడు. నేను కొంగు దోపి కూర్చున్నాను. పది నిమిషాల్లో వెన్నలా నూరి పెడితే ఆవిడ వేలితో తీసి చూసి, అందర్నీ పిలిచి చూపించింది. ఆ కాసేపూ నేను అన్నీ మరిచిపోయాను, నిజం చెప్పొద్దూ, హాయిగా ఉంది.

రెండో వంటకం నూడుల్స్. ఆవిడ ప్రతి బల్ల మీదా చింతపండు రసం, తాటిబెల్లం, గోధుమరంగు నీళ్ళున్న చిన్న కప్పులు రెండేసి పెట్టి ఇంగ్లీషులో ఏదో వివరించడం మొదలుపెట్టింది. సరిగ్గా అప్పుడే అమ్మాయి అల్లుడి చెవి దగ్గరకి వంగి గుసగుసలాడింది. "అమ్మ" అన్న మాట ఒక్కటే నాకు వినపడింది. అల్లుడు నా వైపు చూసి తలాడించాడు. నా రెండు చెవులూ అటే పోయాయి. అమ్మాయి లేచి దూరంగా కిటికీ దగ్గరకి వెళ్ళి తలుపు తెరుచుకుని నిలబడింది. అల్లుడు జేబులోంచి ఫోన్ తీసి వీడియో మొదలుపెట్టాడు. ఇక చూడండి నా ఒళ్ళు మంట! సాక్ష్యం తీస్తున్నాడు, సాయంత్రానికి వాళ్ళమ్మకి పంపిస్తాడు.

ఈ మంటలో ఆవిడ చెప్పింది ఒక్క ముక్క వినలేదు. అందరూ తలూపారని నేనూ ఊపాను. బాణలి వేడెక్కాక నాకు దగ్గరగా ఉన్న కప్పు ఎత్తి పోసేశాను. మా బల్లంతా శాకాహారమే అనుకున్నాను. అల్లుడు తన వంతుకి వేరే అడిగి పెట్టించుకున్నాడని నాకేం తెలుసు? బయట అన్నీ తింటాడని తెలుసు గానీ, నా ఎదుట తింటాడనుకోలేదు.

"ఇప్పుడు రుచి చూడండి" అంది ఆవిడ, నా చేతిలో చెంచా పెట్టి.

దేవుడికి పెట్టకుండా నేను నోట పెట్టనని వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పాను. ఆవిడ గోడ మీద చిన్న అరలో ఉన్న బుద్ధుణ్ణి చూపించింది. "నేనూ పెడతాను. కానీ ముందు నేను రుచి చూస్తాను. బాగాలేనిది ఆయనకి ఎలా పెట్టను?" అంది. వెటకారమో, నిజంగానే అంటోందో నాకు అంతుపట్టలేదు. అల్లుడి ఫోన్ నా మొహం మీదే ఉంది. ఇప్పుడు వెనక్కి తగ్గితే నా పని అయిపోయినట్టే. దేవుడా నన్ను క్షమించు అనుకుని చెంచా నోట పెట్టాను.

"ఉప్పు సరిపోయింది. పులుపు ఒక్క పిసరు తక్కువ" అన్నాను.

ఆవిడ తనూ ఓ చెంచా చూసి, నిజమేనని నిమ్మకాయ పిండింది. నెగ్గాను! ఇంకో చెంచా తిన్నాను, ఇంకొకటి తిన్నాను. నములుతూనే అల్లుడి ఫోన్ వైపు తిరిగి, పంపించుకో మీ అమ్మకి అన్నట్టు తలూపాను. బాగుంది బాబూ అని పైకి కూడా అన్నాను.

కిటికీ దగ్గర్నుంచి అమ్మాయి వచ్చింది. బల్లకి నాలుగడుగుల దూరంలోనే ఆగిపోయి మెడలోని స్కార్ఫ్ కొంగులా ముక్కుకి అడ్డం పెట్టుకుంది. "అమ్మా, ఆగు. అది ఫిష్ సాస్. నువ్వు తింటున్నది..." అంది.

అల్లుడు ఫోన్ దించేశాడు. తన కప్పు ఖాళీగా ఉండటం చూసుకుని తెల్లబోయాడు. "సారీ అత్తయ్యగారూ, మీకు సోయా సాస్ అటు పక్కన పెట్టారు. మీరు విన్నారనుకున్నా. ఈ స్మెల్ పడటం లేదనే తను కిటికీ దగ్గరకి వెళ్ళింది. అమ్మని చూసుకోమంది. నేను చూసుకోలేదు" అన్నాడు.

మూడో చెంచా నా నోట్లోనే ఉంది. ఈ అమ్మాయి ఆరో క్లాసులో ఎవరింట్లోనో గుడ్డు వేసిన కేకు తిని వస్తే, గుమ్మంలోనే పట్టేసి నోరు కడిగించిన దాన్ని నేను. ఎదురింట్లో ఆమ్లెట్ వేస్తే మా కిటికీలు మూసిన దాన్ని.

"అమ్మా, నీకు వాసన రాలేదా?" అంది అమ్మాయి.

రాలేదంటే వంటిల్లు పోతుంది. వచ్చిందంటే చేప అని తెలిసి తిన్నట్టు. అటు నా కూతురి పురుడు, ఇటు నా పుట్టుక. నోట్లోది మింగేశాను.

"ఎందుకు రాలేదూ? తెలిసే తిన్నాను. ఇంత దూరం వచ్చాం కదా, ఎలా ఉంటుందో చూద్దామని" అన్నాను.

అమ్మాయి నా చెయ్యి పట్టుకుని పెరటి మెట్ల దగ్గరకి తీసుకుపోయి, గ్లాసుతో నీళ్ళు తెచ్చి, పుక్కిలించమంది. నాలుగుసార్లు పుక్కిలించాను. గ్లాసు తీసుకుంటూ, "ఎన్నాళ్ళ నుంచి?" అంది.

"ఏది?"

"అమ్మా."

"రెండేళ్ళు" అన్నాను.

అది మెట్టు మీద కూలబడి ఏడవటం మొదలుపెట్టింది. "చేప తిన్నానని అయినా చెప్తావు గానీ ఇది చెప్పవా? నేనంటే నీకంత భయమా అమ్మా?"

నాకు ఏడుపు రావలసింది, కోపం వచ్చింది. "చెబితే నన్ను స్టవ్ దగ్గరకి రానిస్తావా?" అన్నాను.

"రానివ్వను. గ్యాస్ లీకైతే నీకు తెలీదు. ఇంట్లో పసిపిల్ల ఉంటుంది. అత్తయ్యని రమ్మని ఇవాళే ఫోన్ చేస్తా."

"అయితే ఇంక నేనెందుకు? నాకు టికెట్ బుక్ చెయ్యి, పోతాను."

"చేస్తాలే. లేబర్ రూమ్‌లో నా చెయ్యి ఎవరు పట్టుకోవాలో ముందది చెప్పు. అది కూడా అత్తయ్యకే అప్పజెప్పి వెళ్తావా?" అంది, ముక్కు తుడుచుకుంటూ.

మెట్టు మీద దాని పక్కన కూర్చున్నాను. లోపల ఎవరో నవ్వుతున్నారు, గిన్నెలు చప్పుడవుతున్నాయి. రెండేళ్ళుగా ఎవరితోనూ అనని మాట అప్పుడు వచ్చింది.

"వంట పోతే పోయింది గానీ, పసిబిడ్డ నెత్తి మీద ఓ వాసన ఉంటుందే. నువ్వు పుట్టినప్పుడు పురుడు వెళ్ళేదాకా నాకు అదే పని, నిన్ను ఎత్తుకుని వాసన చూడటం. ఈసారి నాకది లేదు" అన్నాను.

అమ్మాయి నా వైపు తిరిగింది. "ఎలా ఉంటుందమ్మా?" అని అడిగింది.

చెబుదామని నోరు తెరిచాను. ఎంత తలుచుకున్నా గుర్తు రాలేదు.

"నువ్వే చూసి నాకు చెప్పు" అన్నాను.