మంచాలు లోపలికి పోయిన వేసవి

మొన్న సాయంత్రం ఎవరో సైలెన్సరు పీకేసిన మోటారుసైకిలు మీద మా వీధిలోంచి ఢాం ఢామ్మంటూ పోయారు. కళ్లు మూసి తెరిచేలోగా వీధి పొడుగునా తలుపులు పడ్డాయి. ఒకావిడ చేటలో బియ్యం అరుగు మీదే వదిలేసి లోపలికి పరుగెత్తింది. కోళ్లకు పండగైంది. నాకు నవ్వొచ్చింది గాని, ఆ నవ్వుకు తోడు కలిసేవాళ్లు లేరు.

మాది రెంటచింతల దగ్గర పల్లె. వేసవిలో పొద్దుగూకగానే వాకిళ్లలో నీళ్లు చల్లి, వీధిలో నులక మంచాలు వాల్చేవాళ్లం. ఈ చివర ఎవరైనా దగ్గితే ఆ చివర నుంచి మిరియాల కషాయం తాగమని సలహా వచ్చేది. ఎదురింటి అక్క మంచం నా పక్కనే. తోడబుట్టిన అక్క కాదు. నాలాగే మొగుడు పోయి ఒంటరిగా ఉండేది. మిరపకోతలకు కలిసే పోయేవాళ్లం. ఆమె గురక వినబడకపోతే నాకు నిద్ర పట్టేది కాదు. ఆ మాటంటే, "గురక నాది కాదే, నీదే. నీ పాటకు నువ్వే పడుకుంటన్నావు" అనేది.

అప్పట్లో ఊళ్లో రెండు పార్టీలు. ఒక వేసవిలో, దీపాలు పెట్టే వేళ, ఒక జీపు మా వీధిలోకి మళ్లింది. ఆగలేదు. పోతూ పోతూనే అందులోంచి నాటుబాంబులు విసిరారు. వాళ్లు వెతికిన మనిషి ఆ రోజు ఊళ్లోనే లేడు. ఒకాయన కాలు చితికింది, ఒక గేదె చచ్చింది. మనుషుల ప్రాణాలు పోలేదని పేపర్లో వేశారు. నాకప్పటికి చదవడం రాదు. టీకొట్టు దగ్గర ఎవరో చదువుతుంటే విన్నాను.

మర్నాటికల్లా మంచాలు లోపలికి పోయాయి. మరో జీపు రాకుండా మగవాళ్లంతా కలిసి వీధి మొదట్లో నాపరాళ్లు నిలువునా పాతారు. మనిషో గేదో పట్టేంత సందు వదిలారు. అయినా ఎవరూ బయట పడుకోలేదు. నాకు వెనక దొడ్డి ఉంది గనుక అక్కడ మంచం వేసుకున్నాను. అక్కది ఒకటే గది, పైన రేకులు. మా దొడ్లోకి రమ్మంటే గోడ పొట్టిగా ఉందని రాలేదు.

"ఉడికిపోతావక్కా, కిటికీ అన్నా తియ్యి" అన్నాను.

"ఉడికితే ఉడికాన్లే. పేలిపోకుండా ఉంటే చాలు. నువ్వు చానా ధైర్యస్తురాలివి గానీ, పో" అని గడియ వేసుకుంది.

రోహిణి కార్తెలో ఒకనాడు తెల్లవారినా ఆమె వాకిట్లో చీపురు చప్పుడు లేదు. పిలిస్తే పలకలేదు. తలుపు పగలగొట్టి చూస్తే ఒళ్లు పెనంలా కాలుతోంది, తెలివి లేదు. వడదెబ్బ అన్నారు. ఆటో వచ్చింది గాని, మేం పాతిన రాళ్ల అవతలే ఆగిపోయింది. మంచంతో సహా మోసుకుపోతే ఆ సందులో మంచం పట్టలేదు.

"పక్కకి తిప్పండ్రా!"

"తిప్పితే మనిషి పడిపోద్ది బాబాయ్!"

చివరికి ఆమెను మంచం మీంచి దించి, రాళ్ల మధ్యగా చేతుల మీద అవతలికి అందించారు. పాదాలు నేను పట్టుకున్నాను. మాచర్ల చేరకముందే ప్రాణం పోయింది.

సిమెంటు రోడ్డు వేసినప్పుడు ఆ రాళ్లు తీసేశారు. అప్పటి ఆ రెండు పార్టీలవాళ్ల పిల్లలు ఇప్పుడు ఒకే బస్సెక్కి దాచేపల్లి ఫ్యాక్టరీకి పనికి పోతున్నారు. వీధిలో మంచం వేసేది నేనొక్కదాన్నే. అక్క ఇంట్లో ఇప్పుడు వేరేవాళ్ల కొత్త కోడలు ఉంటోంది. నిన్న ఆ పిల్లను పిలిచాను, గాలి బాగుంది, కాసేపు వచ్చి కూర్చోమని.

"వద్దులే పెద్దమ్మా, రోడ్డు మీద ఏం కూర్చుంటాం! బండ్లు తిరుగుతుంటయ్. నువ్వు గూడా లోపలికి పో" అని తలుపు వేసుకుంది.

ఆ జీపు వచ్చిననాటికి ఆ పిల్ల పుట్టనైనా లేదు. తాము పుట్టకముందే వెళ్లిపోయిన బండికి కూడా మనుషులు గడియ వేసుకుంటారని, కాలం గురించి నేను తెలుసుకున్నది అంతే.