సముద్రాన్ని చల్లబరచిన రాజలింగు

తార్నాక నుంచి మెట్టుగూడ దాకా ఏ హోటల్లో చాయ్ తాగినా, ఆ రోజుల్లో రాజలింగు ఓడ కథ వినకుండా లేచినవాళ్లు తక్కువ. మనిషి చెడ్డవాడు కాదు. కాకపోతే ఒడ్డూ గిడ్డూ లేని హైదరాబాదులో ఉంటూ, సర్కారు ఖర్చుతో సముద్రం తిరిగి వచ్చినవాడు. ఇక నోరు ఊరుకుంటుందా?

అతను యూనివర్సిటీలో వాతావరణ పరిశీలకుడు. పేరు చూసి పెద్ద ఉద్యోగం అనుకునేరు. కంచె లోపల తెల్ల పెట్టెలో ఉన్న థర్మామీటర్లు చూసి రాసుకోవాలి. వాన పడితే ఎంత పడిందో రాయాలి, పడకపోతే పడలేదని రాయాలి. ఊళ్లో సేద్యం చేసుకునే అతని తండ్రి ఈ ఉద్యోగం సంగతి విని, "వాన పడలేదని రాసుటానికి సుత మనిషిని పెట్టిన్రా?" అని తిన్న అన్నం అరిగేదాకా నవ్వాడట.

అరవై ఏడు చివర్లో అరేబియా సముద్రం మీదికి పరిశోధన ఓడ ఒకటి బయలుదేరుతోందని, అందులో తమ శాఖకు చోటు దొరికిందని కబురు వచ్చింది. ప్రొఫెసర్ సోమయాజులు గారు, ఆయన శిష్యుడు బుచ్చిబాబు వెళ్లడం ఖాయం. కొలతలు తీయడానికి ఒక పరిశీలకుడు కావాలి. సీనియర్లలో ఒకరికి నడుం పట్టేసింది, ఇంకొకరి అత్తగారికి అప్పటికప్పుడు జబ్బు చేసింది. చివరికి చెయ్యెత్తినవాడు రాజలింగు ఒక్కడే.

"నాదంటే కాకినాడ. సముద్రం ఒడ్డున పుట్టి పెరిగినవాణ్ణి. నీ సంగతే చూసుకోవయ్యా, ఓడెక్కితే పేగులు నోట్లోకి వస్తాయి" అని సోమయాజులు గారు రైల్లోనే హెచ్చరించారు. కొచ్చిన్ రేవు కనుమరుగైన పూటే ఆయన ముక్కు దగ్గర నిమ్మకాయ పెట్టుకుని పడకెక్కారు. మళ్లీ రేవు కనిపించేదాకా దిగలేదు. రాజలింగు మాత్రం మూడు పూటలా తిని, ఆయన వాటా కూడా తిన్నాడు. "ఈ సంగతి మా ఆవిడ దాకా వెళ్లకూడదు" అని ఆయన నీరసంగా అన్నారు. రాజలింగు సరేనన్నాడు.

పని సులువే. కాన్వాసు బకెట్‌కు తాడు కట్టి ఓడ మీంచి విసరాలి, సముద్రపు నీళ్లు తోడాలి, అందులో థర్మామీటర్ పెట్టి ఎంత వెచ్చగా ఉందో చూడాలి. దాంతోపాటు గాలి ఎటు వీస్తోందో, మబ్బు ఎంత పట్టిందో చూడాలి. పగలంతా రాజలింగు వంతు, రాత్రి బుచ్చిబాబు వంతు.

బుచ్చిబాబుకు నిద్రంటే ప్రాణం. బకెట్ పైకి రావడం ఆలస్యం, థర్మామీటర్ ముంచి, అంకె చూసి వెళ్లి పడుకునేవాడు. రాజలింగు అలాంటివాడు కాదు, శ్రద్ధ గల మనిషి. నీళ్లకు ఎండ తగలకూడదని ప్రొఫెసర్ గారు పడకలోంచి చెప్పిన మాట వేదవాక్కుగా పట్టుకున్నాడు. బకెట్ చుట్టూ తడి గోనెసంచి బిగించి, నీడలో, గాలి తగిలేచోట భద్రంగా పెట్టేవాడు. తర్వాత తీరిగ్గా గాలి చూసి, మబ్బు చూసి, వంటవాణ్ణి పలకరించి వచ్చి, అప్పుడు థర్మామీటర్ పెట్టేవాడు. పని ఇంత పొందికగా చేసేవాడు ఓడలో మరొకడు లేడని తనలో తాను మురిసిపోయేవాడు.

వీటన్నిటి మధ్య అతనికి సముద్రం మీద పిచ్చి పట్టింది. ఎటు చూసినా అడ్డం లేని ఆ నీలాన్ని చూస్తూ నిలబడితే గుండె నిండిపోయేది. దిగే రోజున రేవులో నిలబడి, సిగ్గు లేకుండా కళ్లు తుడుచుకున్నాడు.

తిరిగొచ్చాక సోమయాజులు గారు అంకెలన్నీ ముందేసుకుని చూస్తే, విడ్డూరం బయటపడింది. సముద్రం రాత్రి వెచ్చగా, పగలు చల్లగా ఉంది. మొదట తల గోక్కున్నారు. తర్వాత గోక్కోవడం మాని సిద్ధాంతం కట్టారు. పగటి గాలులకు అడుగునున్న చల్లటి నీరు పైకి తన్నుకొస్తోందని, ఇది ఇంతవరకూ ఎవరికీ తట్టని సంగతని తేల్చారు. మే నెలలో ఉపన్యాసం పెట్టించారు. బొంబాయి నుంచి పెద్దలు వస్తున్నారు. "వచ్చే ఓడకి నీ పేరే రాశానయ్యా" అని రాజలింగు భుజం తట్టారు. ఆ రోజు రాజలింగు నేల మీద నడవలేదు.

ఉపన్యాసం రేపనగా, ఇంటి ముందర పక్కింటాయనను కూర్చోబెట్టుకుని, సముద్రాన్ని ఎలా కొలిచాడో చూపించడం మొదలుపెట్టాడు. చేదబావిలోంచి బకెట్ తోడాడు. తడి గోనె చుట్టాడు. గాలికి పెట్టాడు. అటు తిరిగి గాలి చూశాడు, ఇటు తిరిగి లేని మబ్బు చూశాడు, లేని వంటవాడితో రెండు మాటలు మాట్లాడాడు. వచ్చి, థర్మామీటర్ లేదు కాబట్టి బకెట్‌లో వేలు పెట్టాడు.

వేలు పెట్టినవాడు పెట్టినట్టే ఉండిపోయాడు. అరుగు మీద అతని భార్య సారలమ్మ, ఎండాకాలం కదా అని, తాగే నీళ్లు చల్లబడేందుకు రంజన్ కుండకు తడి గోనె కడుతోంది.

"ఏమైంది? తేలు గుట్టిందా?" అంది సారలమ్మ.

పక్కింటాయన వెళ్లేదాకా ఆగి, చెవిలో చెప్పాడు. ఆమె కొంగు నోట్లో కుక్కుకుని, గోడకు ఆనుకుని, కూలబడి నవ్వింది. "సముద్రానికి రంజన్ కట్టినవా?" అని మళ్లీ నవ్వింది. రాజలింగుకు నవ్వు రాలేదు. చెప్తే ఓడ పోతుంది. చెప్పకపోతే రేపు నలుగురి ముందు సార్ నవ్వులపాలవుతాడు. సముద్రం మీద రాని వికారం తార్నాకలో వచ్చింది.

సాయంత్రం సోమయాజులు గారింటికి వెళ్లాడు. ఆయన వరండాలో ఉపన్యాసం వల్లె వేసుకుంటున్నారు.

"సార్, సముద్రం సల్లగ లేకుండె. నేనే సల్లజేసిన" అని గోనె సంగతంతా చెప్పేశాడు.

సోమయాజులు గారి మొహం ఎర్రబడింది. "నా పరువు తీశావు గదయ్యా. తోడగానే చూడాలని ఆ మాత్రం తెలియదూ? నీ పేరు కొట్టేస్తున్నాను. నీకు ఓడా లేదు, గీడా లేదు."

"అయితే కొట్టేయుండ్రి సార్."

"అన్నాళ్లు నా కళ్ల ముందు గోనె కడుతుంటే నేనెలా చూడలేదు?"

రాజలింగు మాట ఇచ్చినవాడే. కానీ పేరు కొట్టేశాక మనిషికి కాస్త ధైర్యం వస్తుంది. "మీరు పండుకొని ఉన్నరు గద సార్" అన్నాడు.

గుమ్మం వెనకనుంచి ఆయన భార్య కాత్యాయని గారు మజ్జిగ గ్లాసుతో బయటికి వచ్చారు. "పడుకున్నారా? అలల మీద నిలబడి ఓడ నడిపినంత పని చేశానన్నారే. ఎన్నాళ్లు పడుకున్నారేమిటి?"

సోమయాజులు గారు ఉపన్యాసం కాగితాలు తిరగేయసాగారు. ఆవిడ ఆ మజ్జిగ రాజలింగుకు ఇచ్చి, "నువ్వు తాగు నాయనా. ఆయనకి నిమ్మకాయ తెస్తాను" అన్నారు.

మర్నాడు హాలు నిండిపోయింది. రాజలింగు వెనక గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సోమయాజులు గారు లేచి, నీళ్లు తాగి, సిద్ధాంతం కాగితాలు మడిచి జేబులో పెట్టుకున్నారు. తడి గోనెసంచి కథ మొదటినుంచీ చెప్పారు. తాను పడకేసిన సంగతి కూడా దాచలేదు. ముందు వరుసలో కాత్యాయని గారు కూర్చుని ఉన్నారు మరి. హాలంతా పొట్ట చెక్కలయ్యేలా నవ్వింది. రాజలింగు చెవులు కాలిపోయాయి.

నవ్వు సగంలో ఉండగా బొంబాయి పెద్దాయన ఒకరు లేచారు. "గోనె సరేనండీ. మేం వాడేదీ కాన్వాసు బకెట్టే. అదీ తడిసే ఉంటుంది, దానికీ గాలి తగులుతుంది. మా నీళ్లు మాత్రం చల్లబడవా? ఎంత చల్లబడతాయో ఎవరైనా కొలిచారా?"

నవ్వు ఆగిపోయింది. ఎవరి బకెట్ వాళ్లకు గుర్తొచ్చింది. వచ్చినవాళ్లలో ఇద్దరు ముగ్గురు కిందికి చూశారు. సోమయాజులు గారు ఆ పెద్దాయనతో ఏదో మాట్లాడి, హాలు చివరిదాకా చూపు సారించి, "రాజలింగూ, ఓసారి ఇలా రావయ్యా" అన్నారు.

ఇంటికి వచ్చేసరికి సారలమ్మ అన్నం పెట్టుకుని కూర్చుంది. భర్త మొహం వెలిగిపోవడం చూసి ఆశ్చర్యపోయింది. "పేరు కొట్టేసిండన్నవ్ గద?"

"మల్ల రాసిండు. గీసారి సార్ వస్తలేడు, అమ్మగారు పోనియ్యనన్నది. నేను, బుచ్చిబాబు ఇద్దరమే."

"గంత ఆగం జేసినంక, మల్ల నిన్నెందుకు తోలుతున్రు?"

రాజలింగు కాళ్లు కడుక్కుని, పీట మీద కూర్చుని, కంచం దగ్గరికి లాక్కున్నాడు.

"పోయినసారి చేసిన తప్పే మల్ల చేసుకరమ్మన్నరు. గీసారి కొలుసుకుంట, సక్కగ."