గుగ్గిలం తిన్న సూపర్‌చార్జర్

రెండు వేల ఇరవై మూడు, చిత్తిర ఎండ. కోవిల్‌పట్టి బైపాస్ పక్కన నా మెకానిక్ షెడ్డులో ఉక్కు స్పానర్లు మెత్తబడి పొట్లకాయల్లా వేలాడుతున్న రోజులు. విరుదునగర్ దగ్గర పవర్‌లూములు నడిపే శీనివాసన్ తన కారు తెచ్చాడు. వెనుక సీట్లో వాళ్లమ్మ అలమేలమ్మ తలను రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది.

ఆ కారుకు సూపర్‌చార్జర్ ఉంది. ఇంజన్ బెల్టుతో తిరుగుతూ, గాలిని బలవంతంగా ఇంజన్‌లోకి కుక్కే యంత్రం అది. ఆ ఒత్తిడినే బూస్ట్ అంటాం. అది నూనె ధారలా సాగాలి. ఈ కారులో మాత్రం కాసేపు కునుకు తీసి, ఉలిక్కిపడి లేచి, వెంబకోట్టై టపాకాయలన్నీ ఒకేసారి అంటించినట్టు తన్నేది. ఆ తాపుకు శీనివాసన్ మీసం చెవుల వెనక్కి పోవడం నేను కళ్లారా చూశాను.

సంగతి మాత్రం నవ్వులాట కాదు. మర్నాడే కోవిల్‌పట్టిలో అలమేలమ్మకు కంటి ఆపరేషన్. తలకు కుదుపు తగలకుండా ఇల్లు చేర్చాలని డాక్టరు గట్టిగా చెప్పాడట. వేరే కారు మాట్లాడదామంటే ఆమె వినదు. బండిని ఆమె వండి అంటుంది.

"నా కొడుకు వండి ఉండంగ ఊరోళ్ల వండిలో పోతానా?"

ముందు బైపాస్ వాల్వ్ చూశాను. మెల్లగా నడిపేటప్పుడు మిగులు గాలిని వెనక్కి మళ్లించే తలుపు అది. బిగుసుకుని ఉంది. కడిగి, మెత్తగా మూసుకునేలా అమర్చాను. సగం తాపు తగ్గింది. మిగతా సగం ఎక్కడిదా అని బానెట్ కింద తల పెడితే, ఇంజన్ వేడికి తియ్యని పొగ వాసన వచ్చింది. కళ్లు మూతపడ్డాయి. షెడ్డు కరిగిపోయి ఏదో గర్భగుడిలో తేలుతున్నాను. దేవుడు వరం ఇవ్వబోయేలోపు నా వేలు బెల్టుకు అంటుకుంది.

గుగ్గిలం. మగ్గాల షెడ్డుల్లో పాత పట్టా బెల్టులు జారకుండా దాని పొడి చల్లుతారు. గాళ్లున్న ఈ బెల్టుకు చల్లితే ముద్ద కట్టి, ఓసారి జారి, ఓసారి పట్టి, బూస్టును విడతలుగా విసురుతుంది.

దీనికెవరు చల్లారని శీనివాసన్‌ను అడిగాను. జవాబు వెనుక సీటునుంచి వచ్చింది.

"నేనే వేస్తినప్పా. బెల్టు కీచుమని సత్తం పెట్టుతా ఉండె. వీడు మగ్గానికే వెయ్య మరిచేవాడు, దీనికి వేస్తాడా?"

"ఎంత వేస్తివమ్మా?" అన్నాను.

"రెండు పిడికిళ్లే. పెద్ద వండి కదా."

"అమ్మా, ఇది మగ్గం కాదు," అని శీనివాసన్ గొణిగాడు.

"తిరిగేదంతా మగ్గమే రా."

ఆమె విన్న సత్తం నిజమే. బెల్టును బిగించి ఉంచే టెన్షనర్ అలసిపోయింది. దాన్ని మార్చి, పుల్లీలు థిన్నర్‌తో కడిగి, కొత్త బెల్టు వేశాను.

ఆపరేషనయ్యాక తల్లీకొడుకులను వెనుక కూర్చోబెట్టి నేనే నడిపాను. నల్లరేగడి మీద ఎండ అలలు లేస్తుంటే రోడ్డే మమ్మల్ని ఎత్తుకుని పోతున్నట్టుంది. బూస్ట్ ఎప్పుడొచ్చిందో, ఎప్పుడు పోయిందో తెలియలేదు. సూపర్‌చార్జర్ మూలుగు జోలపాటలా సాగింది. దారిలో సాత్తూరు ఏదో కలలోలా దాటిపోయింది. ఇంటి ముందు ఆపితే, కంటికి కట్టుతో అలమేలమ్మ కదిలింది.

"ఏమప్పా, ఇంకా బైలుదేరలేదా?"

ఎండిన వైప్పారు ఏటిలో పడవలు నడిచేంతగా ఆనందంతో ఏడ్చాడు శీనివాసన్.

అప్పటినుంచి ఏ బండి వచ్చినా, దాని మీద ఇంట్లో ఎవరికి ప్రేమ ఎక్కువో ముందు అడుగుతాను. వాళ్లను తిట్టి లాభం లేదు. ప్రేమగా చల్లింది థిన్నర్‌తో కడిగితేనే పోతుంది.