చాంద్ తాగిన సీసెడు పాలు

మా కోడలు గోళ్ల రంగు తుడుచుకునే సీసా మూత తీసిందంటే చాలు, ఆ తియ్యటి ఘాటు ముక్కుకు తగిలి నేను హైదరాబాదు జహనుమాలో మా పాత గల్లీకి వెళ్లిపోతాను. అప్పట్లో మత్తుకు వాడే ఈథర్ వాసన అచ్చం ఇదే కాదు గానీ దీనికి దగ్గరి చుట్టమే.

డెబ్బైల మొదట్లో రంజాన్ పండగ సీతాఫలాల కాలంలో వచ్చేది. తట్టల్లో మగ్గుతున్న పండ్ల వాసన, గోడకు అవతల, మేం పిన్ని వరసతో పిలిచే కరీమా ఖాలా ఇంట్లో నేతిలో వేగే సేమ్యాల వాసన, గల్లీ పొడవునా మా గోటీలాటల లొల్లి, అన్నీ కలిసి వచ్చేవి. అట్లాంటి ఒక పండగ రోజుల్లోనే ఖాలా మేక ఈని చచ్చిపోయింది. మనవడిని సాకడంతోనే సతమతమవుతున్న ఖాలా, తల్లిలేని ఆ మేకపిల్లను తెచ్చి మా నాయనమ్మ ఒళ్లో పెట్టింది. నుదుటి మీద చందమామలా తెల్లమచ్చ ఉందని చాంద్ అని పేరు కూడా తనే పెట్టింది. మా నాయనమ్మను గల్లీ అంతా అవ్వ అనేది. ఎవరైనా దాన్ని మేకపిల్ల అంటే ఆమెకు మహా కోపం. "దానికి పేరు లేదా ఏంది?" అని కసిరేది.

కొన్ని వారాలకు చాంద్ బొడ్డు దగ్గర నిమ్మకాయంత ఉబ్బు లేచింది. పురానాపూల్ అవతల పశువుల డాక్టరు నొక్కి చూసి, పేగు జారిందనీ, కోసి కుట్టకపోతే అది మెలిపడి ప్రాణం పోతుందనీ చెప్పాడు. "రేపు పొద్దుగాల ఏం తినవెట్టకుండ తీస్కరాండ్రి" అన్నాడు.

మా అవ్వ ఉపవాసాల్లో ఆరితేరిన మనిషి. ఏకాదశి నాడు మెతుకు ముట్టదు, పాలు మాత్రం తాగుతుంది. పాలతో ఉపవాసం చెడదని ఆమె లెక్క. తన లెక్కే చాంద్‌కూ కట్టి, తెల్లారి గడ్డిపరక కూడా చూపించకుండా, సీసెడు పాలు కడుపునిండా తాగించి మరీ రిక్షా ఎక్కించింది. ఖాలా, నేను కూడా ఎక్కాం.

డాక్టరు దూది మీద ఈథర్ చుక్కలు వేసి చాంద్ ముక్కు దగ్గర పట్టాడు. కాళ్లు కొట్టుకుని, సద్దుమణిగి, మెడ వాల్చింది. కత్తి ఇంకా ముట్టనే లేదు, మూతి పక్క నుంచి తెల్లగా పాలు కారాయి. అదురుతున్న డొక్కలు ఆగిపోయాయి. దగ్గు లేదు, అరుపు లేదు.

"ఏం వెట్టిండ్రమ్మా?" డాక్టరు గొంతు లేచింది.

"ఏం తినవెట్టలే సారూ! సీసెడు పాలు తాగించిన, గంతే" అంది అవ్వ.

"యా అల్లా!" అని ఖాలా గోడకు చేరగిలబడింది.

డాక్టరు దూది విసిరేసి, చాంద్‌ను వెనక కాళ్లు పట్టి తలకిందులుగా ఎత్తాడు. గొంతులో వేలికి చుట్టిన గుడ్డ పెట్టి పాలు తుడిచాడు. బల్ల మీద పడుకోబెట్టి డొక్కలు నొక్కాడు, వదిలాడు, మళ్లీ నొక్కాడు. అవ్వ దండం పెట్టడం కూడా మరిచి నిలబడిపోయింది. ఎట్టకేలకు చాంద్ ఒక్కసారి ఊపిరి ఎగబీల్చి చీదింది. నాకు ఎంత సంతోషం వేసిందో! అవ్వ మాత్రం నేల మీద కూలబడి బావురుమంది.

"పెద్ద మేకైతే మత్తుల గూడ జర దగ్గుతదవ్వా. పసిది దగ్గది. కడుపుల పాలు మీదికొచ్చి గొంతుల వడంగనే ఊపిరే బంద్ జేస్తది" అని నిమ్మళంగా చెప్పాడు డాక్టరు. కోత వాయిదా వేశాడు.

రెండోసారి తీసుకెళ్లే రోజు చాంద్ ఆకలికి గల్లీ అదిరేలా అరిచింది. దాని ముందు తినలేక అవ్వ పొయ్యి వెలిగించలేదు. అవతల ఖాలా కూడా వెలిగించలేదు. "అది బుక్కెడు తాగకపాయె, మనకు చాయెట్ల దిగుతదమ్మా?" అంది. మధ్యాహ్నానికి చాంద్ కుట్లతో, తూలుతూ, బతికి ఇంటికొచ్చింది. అప్పుడు రెండిళ్లలోనూ పొగ లేచింది.

మొన్న ఆ గల్లీకి వెళ్లాను. మూడంతస్తుల ఇళ్లు, ఇనుప గేట్లు, మేక వాసనే లేదు. అవ్వ లేదు, ఖాలా లేదు. పొయ్యిల స్థానంలో గ్యాసు వచ్చింది, మంచిదే, పొగ బాధ తప్పింది. కానీ ఒక మేకపిల్ల పస్తుంటే రెండు మతాల ఇళ్లు తామూ పస్తున్న ఆ పొద్దు నాకు ఎక్కడా దొరకలేదు. అది నాకు కావాలి.