ఎక్స్ చిన్నదని ఎవరు చెప్పారు?

కెమిస్ట్రీ మేడానికి కోపం ముక్కు మీదే ఉంటుందని కాలేజీ ఊడ్చే ఆయమ్మకు కూడా తెలుసు. సమతాస్థితి లెక్కల్లో ఒక సులువుంది. చర్యలో ఎంత పదార్థం మారిందో చెప్పే ఎక్స్ మరీ చిన్నదైతే, తీసివేతలో దాన్ని వదిలేసి వర్గసమీకరణం బాధ తప్పించుకోవచ్చు. అయితే చివర్లో అది మొదటి గాఢతలో ఐదు శాతం దాటలేదని చూసుకోవాలి. "వదిలేశావు సరే, చెక్ చేశావా?" అని ఇరవై ఆరేళ్లుగా ఆవిడ అరవని రోజు లేదు. పిల్లలు చెక్ మేడమనే పిలుచుకుంటారు.

ఆ రోజు పేపర్లు దిద్దే గదిలో, ఫెయిలైన ఒక అమ్మాయి పేపరు మళ్లీ చూస్తూ ఆవిడ ఒంటికాలి మీద లేచింది. ఆ పిల్ల వర్గసమీకరణం కట్టి, పేజీన్నర లెక్క చేసి, 0.027 తెచ్చింది. పక్కన ఎర్రగా సున్నా! ఆ ఎనిమిది మార్కులుంటే పాసే.

"ఎవరయ్యా దిద్దింది? గుడ్డెద్దు చేలో పడ్డట్టు దిద్దడమేనా?"

కుర్ర లెక్చరర్ బిక్కచచ్చిపోయాడు. "ఆన్సర్ కీలో 0.032 ఉంది మేడం."

"మొదటి గాఢత 0.10. అందులో 0.032 అంటే ముప్పై రెండు శాతం! అది చిన్నదా? ఆ కీ రాసిన మహానుభావుడెవరు? చదువుకున్నాడా, గాడిదలు కాశాడా?"

అతను కీ తీసి ముందు పెట్టాడు. అడుగున ఆవిడ సంతకమే ఉంది.

ఆవిడకు తల కొట్టేసినట్టయింది. కీ రాస్తూ ఎక్స్‌ని అలవాటుగా వదిలేసింది, చెక్ చెయ్యలేదు.

అరుపులు విని వచ్చిన ప్రిన్సిపాల్ గొంతు తగ్గించాడు. "సాయంత్రం రిజల్ట్స్ పంపాలి మేడం. ఒక్క పిల్ల కోసం మీ పరువెందుకు తీసుకుంటారు? వదిలెయ్యండి."

"నా పరువు కోసం ఆ పిల్లకి ఏడాది పోవాలా? సిగ్గులేదండీ మనకి?" అంది ఆవిడ. "పేపర్ల కట్టలన్నీ విప్పించండి. రిజల్ట్స్ ఎందుకు ఆగాయో నా పేరుతోనే నోటీసు పెట్టండి."

రెండు రోజులు కూర్చుని పేపర్లన్నీ తనే దిద్దింది. అరవడానికి ఎవరూ దొరకక, తన మీద తనే పళ్లు నూరుకుంది.

ఆ అమ్మాయి పాసైంది. కొత్త ఏడాది మొదటి క్లాసులో మేడం బోర్డు మీద ఎక్స్ కొట్టేయగానే, వెనక బెంచీ నుంచి ఆ పిల్లే భయం భయంగా అడిగింది.

"చెక్ చేశారా మేడం?"

మేడం కళ్లెర్రజేసి చూసి, చాక్‌పీసు ఆ పిల్ల వైపు చాచింది.

"లేదు. వచ్చి నువ్వు చెయ్యి."