కొబ్బరినూనె బ్రేకులు

మా దీవిలో, మా ఆస్టినాబాద్ పేటలో చప్పుడు చెయ్యని గేటు టైటస్ మామది ఒక్కటే. అబర్డీన్ బజార్‌లో ఆయనకి హార్డ్‌వేర్ కొట్టుంది. సముద్రపు గాలికి ఇక్కడ కొత్త మేకు కూడా ఇట్టే ఎర్రబడుతుంది కాబట్టి, ఇనుము కంటబడితే చాలు, మామ నూనె రాసేస్తాడు. గేటుకి, గొడుగు చువ్వలకి, కత్తిపీటకి రాశాడు. ఒకసారి చర్చి గంటకీ రాశాడు. పైనుంచి కారిన నూనె పాస్టరుగారి తెల్ల చొక్కా మీద పడింది.

"తుప్పంటే సైతానే" అంటాడు. బైబిల్లో ఎక్కడుందో మాత్రం చెప్పడు.

శనివారం కూతురు ఎలీనా పెళ్లి. పెళ్లవగానే మొగుడితో ఓడెక్కి కార్ నికోబార్ దీవికి వెళ్లిపోతుంది. అందుకని పిల్లని చర్చికి తన పాత కారులో తనే తీసుకెళ్లాలని మామ పట్టుదల. బావమరిది కొత్త కారిస్తానంటే మొహం తిప్పుకున్నాడు. బ్రేకులు కీచుమంటున్నాయని ఇంటి ముందే డిస్కులు, ప్యాడ్లు మార్చేశాడు. మెకానిక్ దగ్గరకి వెళ్లడం ఆయన లెక్కలో విశ్వాసం లేకపోవడం.

గురువారం పొద్దున్న వాలు మీద బ్రేక్ తొక్కాడు. కారు ఆగలేదు. టాక్సీ నడిపే యేసు కుమార్ కోళ్లగూడు దాన్ని ఆపింది. కోళ్లు బతికాయి, మామ పరువు పోయింది.

"బ్రేక్ లైన్లో గాలుంది" అన్నాడు మామ. లవీనా అత్తని సీట్లో కూర్చోబెట్టి, తను చక్రం దగ్గర చతికిలబడి, "తొక్కు! వదులు! మళ్లీ తొక్కు!" అని అరిచాడు. అత్త కాళ్లు పీకేశాయి గానీ గాలి బుడగ ఒక్కటీ రాలేదు.

"అరే భయ్యా, పెడల్ రాయిలాగుంది. గాలుంటే మెత్తగా దిగిపోయేది" అన్నాడు యేసు కుమార్. "కొత్త ప్యాడ్లు కదా, ఆహిస్తా ఆహిస్తా తొక్కి సెట్ చెయ్యి."

మామ చదును రోడ్డు మీద నెమ్మదిగా పోనిస్తూ పదేపదే తొక్కి తిరిగొచ్చాడు. కారాగింది, తన ఇష్టం వచ్చిన చోట. చక్రాల్లోంచి కమ్మటి వాసన.

"ఎవరింట్లో చిప్స్ వేపుతున్నారు?" అన్నాడు యేసు కుమార్.

అత్త వంగి వాసన చూసింది. నడుం మీద చేతులు పెట్టుకుంది. "నా కొబ్బరినూనె సీసా ఏటైపోనాదా అని నిన్నట్నుంచి ఎతుకుతన్నాను. బ్రేకులకి రాసీసేరా?"

"రాయకపోతే తుప్పు పట్టదేటి మరి?" అన్నాడు మామ, తప్పంతా సముద్రానిదే అన్నట్టు.

యేసు కుమార్ నవ్వలేక రోడ్డు మీద కూలబడ్డాడు. "భయ్యా, పట్టుకోవాల్సినదానికే నూనె రాస్తే ఇంకేం పట్టుకుంటాది?"

పెట్రోలుతో తుడిస్తే డిస్కులు బాగుపడ్డాయి. నూనె తాగిన ప్యాడ్లు మాత్రం ఇక పనికిరావు. బజారంతా తిరిగినా ఆ పాత కారుకి సరిపోయేవి దొరకలేదు. కొత్తవి రావాలంటే ఇక ఓడ రావాలి.

మొండివాడు రాజుకన్నా బలవంతుడు. శనివారం మామ కోటు తొడుక్కుని స్టీరింగ్ ముందు కూర్చున్నాడు. "హ్యాండ్‌బ్రేక్ ఉంది కదా. వాలు దిగితే చర్చే" అన్నాడు.

తెల్లచీర, ముసుగు, చేతిలో పూలు. ఎలీనా వచ్చి డ్రైవర్ వైపు తలుపు తీసింది.

"దిగు నాన్నా."

"మీ మావయ్య కారెక్కుతావేటి?" అన్నాడు మామ.

"లేదు. నడుద్దాం."

అత్త చీర మాసిపోతుందని మొత్తుకుంది. ఎలీనా పూలున్న చేత్తోనే కుచ్చిళ్లు ఎత్తిపట్టి, రెండో చెయ్యి తండ్రి మోచేతిలో దూర్చింది. వీధంతా గుమ్మాల్లోకి వచ్చింది. మామ తల దించుకుని గబగబా నడుస్తున్నాడు.

"కారులో అయితే ఇట్టే అయిపోయేది నాన్నా" అంది ఎలీనా. "నాకు అంత తొందరగా వెళ్లాలని లేదు."

మామ రోడ్డు మధ్యలోనే బావురుమన్నాడు. కింద చర్చి గుమ్మంలో పాస్టరుగారు గడియారం చూసుకుంటున్నారు. మామ చూశాడు, చూసి నడక ఇంకా తగ్గించాడు.